పాత కె-22 రివాల్వర్‌కి 'త్రీ టీస్' ధర పెట్టొచ్చా?

ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, గ్రీన్ కార్డు వచ్చింది. గన్ షోలో స్మిత్ అండ్ వెసన్ మోడల్ 17 (కె-22కి తర్వాత వచ్చిన పేరు) చూశాను, పాయింట్ ట్వంటీటూ కాలిబర్, ఆరంగుళాల బ్యారెల్. 'త్రీ టీస్ ఫ్యాక్టరీ నుంచే ఉన్నాయి' అని అమ్మేవాడు మామూలు పీస్ కంటే బాగా ఎక్కువ చెబుతున్నాడు. తీసుకోనా?"

తీసుకో, కానీ ఆ 'ఫ్యాక్టరీ నుంచే' అన్న మాటకి రుజువు చూపిస్తేనే. చూపించకపోతే మామూలు మోడల్ 17 ధర, మహా అయితే త్రీ టీస్ అనే ఆ మూడు టార్గెట్ పార్టుల విలువ కలిపి ఇవ్వు, అంతకుమించి వద్దు.

దానికంటే ముందు ఇది చదువుతున్న హెచ్1బి, ఎఫ్1 వాళ్లకో మాట. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు గన్ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ ఎవరో చెప్పారని కాకుండా లాయర్ని అడిగి కదలండి. షాపులో నింపే 4473 ఫారంలో ఈ ప్రశ్న నేరుగా ఉంటుంది, అక్కడ అబద్ధం రాస్తే అది ఇంకో నేరం, ఆపైన గ్రీన్ కార్డు ఆశ కూడా పోతుంది. గ్రీన్ కార్డు ఉంటే ఫెడరల్ చట్టం అడ్డు చెప్పదు, రాష్ట్రం సంగతి వేరు: టెక్సాస్‌లో ఉన్నవాడికీ, కొనడానికే పర్మిట్ తీసుకోవాల్సిన న్యూజెర్సీ వాడికీ చాలా తేడా.

ఇక అసలు విషయం. కె-22 మొదట 1931లో అవుట్‌డోర్స్‌మన్ పేరుతో వచ్చింది. దాని తర్వాతి రూపం మాస్టర్‌పీస్ 1940లో మొదలై, యుద్ధంతో ఆగి, 1946లో మళ్లీ వచ్చింది. 1957లో కంపెనీ మోడల్ నంబర్లు పెట్టినప్పుడు అదే 17 అయింది. సిలిండర్ తెరిచి, యోక్ (సిలిండర్‌ని పట్టుకుని బయటికి తిరిగే చెయ్యి) మూసుకునే చోట ఫ్రేమ్ మీద చూస్తే నంబరు కొట్టి ఉంటుంది.

త్రీ టీస్ అంటే టార్గెట్ ట్రిగ్గర్, టార్గెట్ హ్యామర్, టార్గెట్ స్టాక్స్. ట్రిగ్గర్, హ్యామర్ స్పర్ (బొటనవేలితో వెనక్కి లాగే కొస) రెండూ అరంగుళం వెడల్పు, స్టాక్స్ అంటే చెయ్యి నిండా పట్టే పెద్ద చెక్క గ్రిప్పులు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు అదనంగా డబ్బు కట్టి పెట్టించుకునేవాళ్లు. తంటా ఏమిటంటే ట్రిగ్గరూ గ్రిప్పులూ ఏ 38 కాలిబర్ మోడల్ 14 నుంచో, 357 మోడల్ 19 నుంచో తీసి దీనికి వేసేయొచ్చు, అన్నిటికీ అదే కె సైజు ఫ్రేమ్ కాబట్టి సరిపోతాయి. హ్యామర్ మాత్రం అలా కుదరదు. ఆ పెద్ద కాలిబర్లలో ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టి పేల్చే మొన) హ్యామర్ ముక్కుకే ఉండేది, కె-22లో అది ఫ్రేమ్‌లో ఉంటుంది, అందుకని హ్యామర్ ముఖం చదునుగా ఉండాలి. ఇలాంటి రిమ్‌ఫైర్ (తూటా అంచుని కొడితే పేలే రకం) గన్‌కి టార్గెట్ హ్యామర్ విడిగా దొరకడం కష్టం. అందుకే నేనైతే ముందు దాన్నే చూస్తాను, మిగతా రెండూ తర్వాత. హ్యామర్ సన్నగా ఉండి మిగతా రెండూ వెడల్పుగా ఉంటే అవి తర్వాత వేసినవేమో అని అనుమానించు.

గ్రిప్పుల్లో స్క్రూ చుట్టూ డైమండ్ ఆకారం ఉందా చూడు. 1968లో కంపెనీ దాన్ని తీసేసింది, కాబట్టి డెబ్బైల నాటి గన్‌కి డైమండ్ గ్రిప్పులు కనిపిస్తే అవి వేరే గన్‌వి అయ్యుండొచ్చు. సైడ్‌ప్లేట్ (పక్కన ఉండే మూత రేకు) స్క్రూల తలలు నలిగి ఉన్నాయంటే ఎవరో లోపల చెయ్యి పెట్టారన్నమాటే. ముందు సైట్‌లో ఎర్ర ముక్క, వెనక సైట్‌కి తెల్ల గీత కూడా ఫ్యాక్టరీ ఆప్షన్లే, కానీ అవీ మార్చడం తేలిక. కొందరు 'పిన్డ్ అండ్ రీసెస్డ్' (బ్యారెల్‌ని పిన్‌తో బిగించారు, సిలిండర్‌లో తూటా అంచు లోపలికి దిగేలా గాడి ఉంది) అని గొప్పగా చెప్పి ధర పెంచుతారు. బ్యారెల్ పిన్ 1982లో పోయింది నిజమే గానీ, రిమ్‌ఫైర్ సిలిండర్లకి ఆ తర్వాత కూడా రీసెస్ ఉంచారు, ఆ రెండో మాటకి పైసా ఇవ్వక్కర్లేదు.

నిజమైన రుజువు పెట్టె. దాని అంచు లేబుల్ మీద సీరియల్ నంబరు, ఆప్షన్లు ఉంటాయి, నంబరు గన్‌తో కలవాలి. పెట్టె లేకపోతే స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్‌కి ఫీజు కట్టి ఉత్తరం తెప్పించుకోవచ్చు, గన్ ఎప్పుడు ఏ రూపంలో బయటికెళ్లిందో వాళ్ల రికార్డుల్లో ఉన్నంత వరకు చెబుతారు. అమ్మేవాడు "కొన్నాక తెప్పించుకో" అంటే పార్టుల ధరే మాట్లాడు. ఇంకోటి, టేబుల్ దగ్గర ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి చూడకు. రిమ్‌ఫైర్‌లో పిన్ వెళ్లి ఛాంబర్ అంచుకి తగిలే ప్రమాదం ఉంది, అమ్మేవాడికీ కోపం వస్తుంది.

అమ్మేవాడు వేరే రాష్ట్రం వాడైతే మామూలుగా మీ రాష్ట్రంలోని లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానే బదిలీ కావాలి. క్యాష్ ఇచ్చి పార్కింగ్ లాట్‌లో తీసుకోవడం లాంటివి వద్దు.

ఇంట్లో భార్య హెచ్4 మీద ఉన్నా, అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినా పైన చెప్పిన గన్ నిషేధం వాళ్లకీ వర్తిస్తుంది. సేఫ్ తాళం, కోడ్ నీ ఒక్కడి దగ్గరే ఉండాలి. నాన్నగారు సరదా పడ్డారని షూటింగ్ రేంజ్‌లో చేతికివ్వకు. ఇండియా ప్రయాణానికి రేంజ్ బ్యాగ్ అసలు వాడకు: మూల జేబులో మిగిలిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనబడితే ఆయుధాల చట్టం కింద కేసు పెట్టొచ్చు, పెళ్లికని వెళ్లి పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుంది.