అమ్మ మతిమరపు: బాదం కన్నా ముందు బి12 సంగతి చూడండి

ప్రశ్న: మా అమ్మకు 69 ఏళ్లు. పూర్తి శాకాహారి. పన్నెండేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, నాలుగేళ్లుగా రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటోంది. ఆరు నెలలుగా పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోతోంది. చెప్పిందే మళ్లీ చెబుతోంది. అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి అంటోంది. నానబెట్టిన బాదం పప్పులు ఇస్తున్నాం. జ్ఞాపకశక్తికి ఇంకా ఏమి పెట్టాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు రాసినవాటిలో మతిమరపు కన్నా ముందు ఆ అరికాళ్ల తిమ్మిరి గురించే ఆలోచించాను. శాకాహారం, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్, రోజూ గ్యాస్ మాత్ర. ఈ మూడూ ఉన్నచోట మొదట అనుమానించాల్సింది నరాలకు, మెదడుకు అవసరమైన విటమిన్ బి12 లోపాన్ని. వయసు మీద పడింది కదా అని దయచేసి సరిపెట్టుకోకండి. ఇది చికిత్సతో తగ్గే మతిమరపు కావచ్చు.

బి12 ఆకుకూరల్లో, పప్పుల్లో, బాదంలో ఉండదు. శాకాహారులకు పాలు, పెరుగే ఆధారం. తిన్నదాని నుంచి బి12 విడిపడాలంటే కడుపులో ఆమ్లం కావాలి. వయసుతో అది చాలామందిలో తగ్గుతుంది, గ్యాస్ మాత్ర ఇంకా తగ్గిస్తుంది. మెట్‌ఫార్మిన్ పేగుల్లో ఈ విటమిన్ ఒంటపట్టకుండా అడ్డుపడుతుంది. కాలేయంలోని నిల్వలు కొన్నేళ్లు ఆదుకుంటాయి కాబట్టి లోపం ఆలస్యంగా బయటపడుతుంది.

రక్తంలో బి12 పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ బాగుందని దీన్ని మానేయకండి. రక్తహీనత లేకుండానే నరాలు దెబ్బతినవచ్చు. థైరాయిడ్, షుగర్ పరీక్షలూ చేయించండి. షుగర్‌కు వేరే మాత్రలు కూడా ఉండి, రాత్రి భోజనం సరిగా చేయకపోతే, షుగర్ పడిపోయి కూడా తికమక పడతారు.

లోపం తేలితే ఇంజెక్షన్లో, ఎక్కువ మోతాదు మాత్రలో డాక్టరు రాస్తారు. ఆ స్థాయి లోపం పాలు, పెరుగుతో పూడదు. సొంతంగా ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రం మొదలుపెట్టకండి. వాటితో రక్తం మెరుగుపడినట్టే కనిపిస్తుంది, లోపల నరాల నష్టం సాగుతూనే ఉంటుంది. మెట్‌ఫార్మిన్‌నూ మీ అంతట మీరు ఆపవద్దు. గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా అని మాత్రం తప్పకుండా అడగండి. కొన్ని వారాలకని రాసిన మాత్రను ఏళ్లపాటు మింగుతున్నవారు ఎంతోమంది ఉన్నారు.

ఇక భోజనం. బాదం మంచిదే, నాలుగు పలుకులు పెట్టండి. కానీ మెదడును కాపాడేది ఏ ఒక్క పదార్థమూ కాదు. ఫిన్లండ్‌లో 60 నుంచి 77 ఏళ్ల వయసువారు 1,260 మందితో చేసిన అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. ఆహారం, వ్యాయామం, మెదడుకు పని, బీపీ, షుగర్‌ల అదుపు, ఇవన్నీ కలిపి పాటించినవారిలో ఆలోచనాశక్తి మెరుగ్గా నిలిచింది. అమ్మగారికి తెల్లన్నం కాస్త తగ్గించి పప్పు, ఆకుకూర, పెరుగు పెంచండి. ఊరగాయ, అప్పడం తగ్గితే బీపీకి మంచిది. సాయంత్రం తోడుగా నడవండి.

బి12 సరిగానే ఉందని తేలితే ఆగిపోకుండా నరాల వైద్యుడికి చూపించండి. లోపమే అయితే చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. ఈ వారంలోనే, ఆమె వాడే మందుల చీటీలన్నీ పట్టుకుని వెళ్లండి.