టెంటు కొనే ముందు ఈ ఉత్తరం చదువు

చిరంజీవి చిన్నాకి అత్తయ్య ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి ఏవేవో మాట్లాడి, పెట్టేసే ముందు అసలు సంగతి చెప్పింది. "వాడు ఈ చలికాలం ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని సరస్సు మీదికి చేపలు పట్టడానికి వెళ్తాడట వదినా, టెంటు కూడా కొంటాడట, కాస్త నువ్వైనా చెప్పు" అంది. వద్దని చెప్పమని ఆవిడ ఉద్దేశం. నేను చెప్పను. గడ్డకట్టిన సరస్సు మీద, కాళ్ళ కింద నీళ్ళున్నాయని తెలిసీ, గాలం పట్టుకుని గంటలు గంటలు కూర్చునే ఓపిక మన ఇంట్లో ఇంకొకరికి వచ్చిందని నాకెంత సంతోషం వేసిందో మీ అమ్మతో అనలేకపోయాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే "సరే అత్తయ్యా, సరే అత్తయ్యా" అంటావు, సగం వినవు.

మంచు మందం గురించి నీకు అందరూ చెబుతారు కాబట్టి రెండు ముక్కల్లో ముగిస్తాను. నడిచి వెళ్ళడానికి గట్టి, తేట మంచు కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలి. తెల్లగా, పాలు కలిసినట్టు కనిపించే మంచుకి అందులో సగం బలమే ఉంటుంది కాబట్టి దానికి రెట్టింపు మందం కావాలి. ఒక చోట కొలిచి సరస్సంతా అంతే ఉంటుందనుకోకు. వాగు వచ్చి కలిసే చోట, అడుగున ఊట ఉన్న చోట పల్చగా ఉంటుంది. మెడలో ఐస్ పిక్స్ (నీళ్ళలో పడితే మంచులో గుచ్చి పైకి పాకడానికి పట్టుకునే మొనదేలిన పిడులు) వేసుకో, ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉంచుకో, ఒంటరిగా వెళ్ళకు. ఇవన్నీ నువ్వు చేస్తావు, నాకు తెలుసు. నా భయం అది కాదు, ముందు ముందు చెబుతాను.

ఇక టెంటు సంగతి. నువ్వు ఏది కొనాలన్నది నువ్వు ఎలా తిరుగుతావన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒకప్పుడు చెక్క గది కట్టి మంచు మీద పెట్టేసేవాళ్ళు. చేప అక్కడికి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. 1980ల ప్రాంతంలో అమెరికాలో మిన్నెసోటాకి చెందిన డేవ్ గెంజ్ అనే జాలరి స్లెడ్ (మంచు మీద లాక్కెళ్ళే చక్రాల్లేని బండి) మీదే గుడారం బిగించి, కూర్చున్న చోటే తల మీదుగా వెనక్కీ ముందుకీ తిప్పుకునే ఏర్పాటు చేశాడు. దాన్నే ఫ్లిప్ ఓవర్ అంటారు. గాలం వెయ్యడానికి మంచులో తొలిచిన ఒక కన్నంలో చేప పడకపోతే గుడారం వెనక్కి తోసి, లేచి, స్లెడ్ లాక్కుని ఇంకో కన్నం దగ్గరికి వెళ్ళిపోవచ్చు. కూర్చునే సీటు, సామాన్లు అన్నీ అందులోనే ఉంటాయి. చేపని వెతుక్కుంటూ తిరిగేవాడికి దానికి మించింది లేదు. కానీ బరువు. ఇద్దరు పట్టేది చాలావాటికి 40 కిలోలు దాటుతుంది, సామాను కాకుండానే. కొత్తగా పడిన మంచులో నడిచి లాగితే అది ఎంత బరువో భుజాలకి తెలుస్తుంది.

రెండోది హబ్ టెంటు. మడిచి సంచిలో పెట్టుకోవచ్చు, చాలావాటి బరువు 20 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. నాలుగు గోడల్నీ పైకప్పునీ మధ్యలో పట్టుకుని లాగితే టక్కున విచ్చుకుంటాయి. లోపల నిలబడొచ్చు. మీరు ముగ్గురు, నడిచి వెళ్తున్నారు, ఒకే చోట కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు (చెప్పుకోకుండా ఉంటారా!). మీకు హబ్బే సరైనది. విడిగా ఒక చిన్న స్లెడ్ ఉంటే చాలు.

ఎంతమంది పడతారని దాని మీద రాసిన అంకెని మాత్రం నమ్మకు. అది భుజం భుజం రాసుకుంటూ కూర్చుంటే వచ్చే లెక్క. కన్నాలు, హీటరు, బక్కెట్లు, తడి బూట్లు ఎక్కడ పెడతారు? మీ ముగ్గురికి అయిదుగురు పట్టేది చూడు. అంతకంటే పెద్దది వద్దు. పెద్ద టెంటుకి గాలి దెబ్బ ఎక్కువ, వేడెక్కడానికి హీటరు కూడా ఎక్కువ మండాలి.

ఒక పొర గుడ్డదా, మధ్యలో దూది లాంటి పొర ఉన్నదా అని అడుగుతావు. మధ్య పొర ఉన్నదే తీసుకో. వెచ్చగా ఉంటుందని కాదు. హీటర్లో ప్రొపేన్ గ్యాస్ మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది, దానికి మీ ముగ్గురి ఊపిరి తోడవుతుంది. పల్చటి గుడ్డకి అదంతా లోపలి వైపు మంచులా పేరుకుని, కాసేపటికి కరిగి మెడ మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. అంతకంటే ముఖ్యంగా, జిప్పులు తడిసి బిగుసుకుపోతాయి. జిప్పు మాట ఎందుకు ఎత్తానో ఇప్పుడు చెబుతాను.

మీ నాన్నకి కూడా ఇది పూర్తిగా తెలియదు. మా పెళ్ళైన కొత్తలో కాదు, తర్వాత చాలా ఏళ్ళకి. అప్పటికి మేమిద్దరం ఈ పనిలో ఆరితేరినవాళ్ళమనుకునేవాళ్ళం. ఆ సాయంత్రం గాలి కోసేస్తోంది. టెంటు అడుగున మంచు మీద పరుచుకునే గుడ్డ అంచు ఉంటుంది చూడు, దాని మీద పారతో మంచు ఎత్తి పోసి గట్టిగా తొక్కితే కింద నుంచి గాలి దూరదు. మీ మామయ్యకి ఏ పనైనా శుభ్రంగా చెయ్యాలి. చుట్టూరా ఒక్క వేలు దూరే సందు లేకుండా పోశాడు. పైన గోడల్లో గాలి ఆడటానికి ఉండే కంతలు, వెంట్లు అంటారు, రెండూ మూసేశాడు, వాటిలోంచి చలి వస్తోందని. హీటరు వెలిగించాం. పది నిమిషాల్లో ఇంట్లో కూర్చున్నట్టయింది. కోటు విప్పుకున్నాను. చేపలు కూడా ఆ రోజు ఒకదాని వెంట ఒకటి. ఇంతకంటే ఏం కావాలి అనిపించింది.

కొంతసేపటికి తలనొప్పి మొదలైంది. పొద్దుటి నుంచి సరిగ్గా నీళ్ళు తాగలేదు, అందుకే అనుకున్నాను. మామయ్య గాలానికి కొత్త దారం కట్టుకుంటున్నాడు. కళ్ళు మూసుకుని కూడా కట్టగల ముడి అది. దారం గాలం కన్నులోకి దూరడం లేదు. మళ్ళీ మళ్ళీ పెడుతున్నాడు, తప్పిపోతోంది, నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది, మా ఇద్దరి మీదా. తర్వాత ఆయన మాట్లాడటం మానేశాడు. అలిసిపోయాడనుకున్నాను. నాకు కడుపులో తిప్పింది. వాంతి లోపల చేసుకుంటే బాగుండదని, కేవలం అందుకోసం, బయటికి వెళ్దామని లేచాను. మోకాళ్ళలో బలం లేదు. తలుపు జిప్పు పట్టుకుని లాగితే రాలేదు. ఆవిరి గడ్డకట్టి పళ్ళు బిగుసుకుపోయాయి. రెండు చేతులతో, మోకాళ్ళ మీద కూర్చుని లాగితే జానెడు తెరుచుకుంది. ఆ సందులో ముఖం పెట్టి గాలి పీల్చాక గానీ ఇది మామూలు తలనొప్పి కాదని బుర్రకి తట్టలేదు.

ఆయన్ని పిలిచాను. లేవలేదు. చూస్తున్నాడు గానీ లేవడం లేదు. జాకెట్ టోపీ పట్టుకుని బయటికి ఈడ్చాను. అవతల చేపలు పడుతున్నవాళ్ళు నా కేకలు విని పరుగెత్తుకొచ్చారు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. కార్బన్ మోనాక్సైడ్ అన్నారు. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్ ఉంది కదా, దాన్ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుందట. అందుకే బయటికొచ్చిన వెంటనే మనిషి తేరుకోడు. మొదట పోయేది తెలివే కాబట్టి ప్రమాదంలో ఉన్నామని కూడా తెలియదు.

"మన హీటర్లో సెన్సర్ ఉందిగా, అదే ఆరిపోవాలిగా" అన్నాడు మామయ్య తర్వాత. ఆ సెన్సర్ ఆక్సిజన్ తగ్గితే హీటర్ని ఆర్పేది. కార్బన్ మోనాక్సైడ్‌ని అది కొలవదు. రెండూ ఒకటేనని మేం ఇన్నేళ్ళూ అనుకున్నాం. నీ స్నేహితులు కూడా అలాగే అనుకుంటూ ఉంటారు, అడిగి చూడు.

ఇప్పుడు అర్థమైందా నేను దేనికి భయపడుతున్నానో? టెంటు చూసేటప్పుడు అందరూ ఎంత వెచ్చగా ఉంటుందని అడుగుతారు. నువ్వు గాలి ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడి నుంచి పోతుంది అని అడుగు. వెంట్లు కనీసం రెండు ఉండాలి, ఎదురెదురు గోడల్లో, పైన. వాటికి లోపలి నుంచి ఎత్తి పట్టే పుల్ల ఉండాలి. ఉత్తి గుడ్డ రెక్క అయితే గాలికి అదే వాలి మూసుకుంటుంది. హీటరు వెలిగినంతసేపూ అవి తెరిచే ఉండాలి, చలి వేసినా సరే. కింద అంచు మీద మంచు పొయ్యి, పొయ్యొద్దనను, కానీ గాలి వీచే వైపు కాకుండా అవతలి వైపు కొంచెం వదిలెయ్యి. తలుపులు రెండు ఉన్న టెంటే కొను. జిప్పు లావుగా, పళ్ళు పెద్దగా ఉండాలి, చేతికి గ్లవ్ ఉన్నా దొరికేలా లోపలా బయటా తాడు ఉండాలి. గంటకోసారి జిప్పు ఒకసారి కిందికీ పైకీ లాగి చూసుకో. కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టే బ్యాటరీ అలారం ఒకటి కొనుక్కుని, తల ఎత్తున, హీటరుకి దూరంగా వేలాడదియ్యి. చలికి బ్యాటరీ బలహీనపడుతుంది, అందుకని ప్రతిసారీ బటన్ నొక్కి చూసి మరీ బయల్దేరు. హీటరు మండుతుండగా కునుకు తియ్యొద్దు. ముగ్గురిలో ఎవరికి తలనొప్పి అన్నా, మాట తేడాగా వచ్చినా, అందరూ బయటికి. వాదనలు బయట పెట్టుకోండి.

కోప్పడ్డట్టుగా రాశానేమో. నువ్వు రెండేళ్ళప్పుడు మా ఇంట్లో స్నానాల తొట్టి దగ్గర నిలబడి గరిటెకి దారం కట్టి చేపలు పట్టినవాడివి. అప్పుడు నీ వెనకాలే నిలబడ్డాను. ఇప్పుడు అంత దూరం రాలేను కాబట్టి రాస్తున్నాను, అంతే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. హబ్ టెంటుకి గాలే శత్రువు. సంచిలోంచి తియ్యగానే విప్పేయకు. గాలి వచ్చే వైపు మూల ముందు ఒక యాంకర్‌తో (మంచులోకి తిప్పి దించే మర మేకు) మంచుకి బిగించు, ఆ వైపు గోడే ముందు తెరువు, ఇంకొకరు పట్టుకుని ఉండాలి. తలుపు గాలికి అవతలి వైపు పెట్టు. మూలలకే కాదు, గోడ మధ్యలో ఉండే తాళ్ళకి కూడా యాంకర్లు వెయ్యి. వాటిని చేత్తో తిప్పడం నరకం, డ్రిల్లుకి తగిలించే అడాప్టర్ దొరుకుతుంది. ఎవరూ లోపల లేకుండా, బిగించకుండా వదిలిన టెంటు సరస్సు అవతలి ఒడ్డు దాకా దొర్లుకుంటూ పోవడం కళ్ళారా చూశాను, దాని వెంట పరుగెత్తినవాడి ముఖం కూడా చూశాను. ఫైబర్‌గ్లాస్ పుల్లలు గట్టి చలిలో పెళుసుబారతాయి, విరిగితే మార్చడానికి ఒకటి అదనంగా పెట్టుకో.

కన్నాల్లోంచి తీసిన తడి మంచుని అంచుకి దూరంగా పోయండి, లేకపోతే గుడ్డ సరస్సుకి అతుక్కుపోతుంది. అతుక్కుంటే లాగి చింపకు, బూటుతో మెల్లగా తన్ని వదిలించు. ఇంటికొచ్చాక పూర్తిగా విప్పి ఆరబెట్టు, తడిగా మడిస్తే బూజు పడుతుంది.

రంగు బయట ఎర్రగానో నారింజగానో ఉండనీ. చీకట్లో స్నోమొబైల్, అదే మంచు మీద పరుగెత్తే మోటారు బండి, నడిపేవాళ్ళకి దూరం నుంచి కనబడాలి, మెరిసే టేపు నాలుగు వైపులా అంటించు. లోపల మాత్రం నల్లగా ఉన్నది చూడు. కిటికీలు మూసి చీకటి చేస్తే, నీళ్ళు తేటగా, లోతు తక్కువగా ఉన్న చోట, కన్నంలోంచి అడుగు దాకా ఆకుపచ్చ వెలుగు కనిపిస్తుంది. చేప వచ్చి ఎర చుట్టూ తిరిగి, వాసన చూసి, వెళ్ళిపోయి, మళ్ళీ వస్తుంది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు గాలం పట్టుకున్న సంగతే మర్చిపోయాను. నువ్వూ మర్చిపోతావు. ఆ ఒక్కదాని కోసమే మీ అమ్మ మాట వినలేదు నేను.

కొన్నాక ముందు మంచు మీదికి తీసుకెళ్ళకు. ఇంటి ముందు, గ్లవ్స్ వేసుకుని, వెలుతురు లేకుండా ఒకసారి వేసి తీసి చూడండి. రెండు తలుపులూ కళ్ళు మూసుకుని తెరవగలగాలి.

మామయ్య తన యాంకర్లు, స్పడ్ బార్ (మంచుని పొడిచి గట్టిదనం చూసుకునే ఇనుప గునపం) నీకిమ్మని పక్కకి తీసి పెట్టాడు, వచ్చినప్పుడు పట్టుకెళ్ళు. అలారం మాత్రం మాది ఇవ్వను, వాటికి వెనకాల గడువు తేదీ రాసి ఉంటుంది, మాది దాటిపోయింది. కొత్తది కొను. డబ్బులు కట్టే ముందు టెంటు లోపలి వైపు నుంచి ఆ వెంట్ల ఫోటోలు తీసి నాకు పంపు, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య