రక్త మూలకణాలు దానం చేస్తే మనవి తగ్గిపోవా?

రక్తకణాలన్నిటినీ పుట్టించే మూలకణాలు ఇచ్చేస్తే మనవి అయిపోవా, ఏ కణం మూలకణంగానే ఉండాలో ఏది రక్తకణంగా మారాలో ఎవరు తేలుస్తారు అని అడిగారు. మూడేళ్ల క్రితం మా అక్కకి నేనే దాతని, అప్పుడు డాక్టర్‌గారిని ఇదే అడిగాను. "అసలుని ముట్టుకోకుండా వడ్డీతో బతకడం లాంటిదండీ" అన్నారు. బాగానే ఉంది కానీ సగమే సరిపోతుంది.

సరిపోయే సగం ఇదీ: మన ఒంట్లో రోజుకి దాదాపు 20,000 కోట్ల ఎర్రకణాలు పుడతాయి, ఆ చాకిరీ మూలకణాలు నేరుగా చెయ్యవు. అవి ఎముకల లోపలి మూలుగలో ఎక్కువ కాలం నిద్రపోతూ, నెలల తరబడి గడిచాక ఎప్పుడో ఒకసారి విభజన చెందుతాయి. అలా పుట్టిన కణాల్లో కొన్ని రక్తం దారి పడతాయి, అక్కడినుంచి రెట్టింపు మీద రెట్టింపు, ఒక్క కణం 20 సార్లు రెట్టింపైతే పది లక్షలు దాటేస్తుంది కదా. విభజన జరిగిన ప్రతిసారీ డీఎన్ఏలో తప్పు దొర్లే అవకాశం ఉంటుంది కాబట్టి మూలకణం నిద్రపోవడమే మంచిది.

సరిపోని సగం ఇక్కడుంది: విభజనలో పుట్టిన రెండు కణాల్లో ప్రతిసారీ కచ్చితంగా ఒకటి మూలకణంగా ఉండాలి, ఒకటి రక్తం దారి పట్టి వెళ్లాలి అనే లెక్కేం లేదు. ఒక్కోసారి రెండూ ఉండిపోతాయి, ఒక్కోసారి రెండూ వెళ్లిపోతాయి, మొత్తం మీద సరిపోతే చాలు. ఉండిపోవడం చాలావరకు చోటుని బట్టి ఉంటుంది. ఈ మాట 1978లోనే రే స్కోఫీల్డ్ అనే శాస్త్రవేత్త అన్నాడు. మూలుగలో రక్తనాళాల పక్కనుండే కణాలు ఎస్‌సీఎఫ్ అనే పదార్థంతో మూలకణాన్ని బతికిస్తాయి, సీఎక్స్‌సీఎల్12 అనే ఇంకో పదార్థంతో అక్కడే పట్టి ఉంచుతాయి. ఇన్ఫెక్షన్ వస్తే ఒంట్లో పుట్టే ఇంటర్‌ఫెరాన్ లాంటి పదార్థాలు వాటిని నిద్ర లేపుతాయి. డీఎన్ఎంటీ3ఏ జన్యువులో మార్పు వచ్చిన కణమైతే తనలాంటివాటినే ఎక్కువ చేసుకుంటూ పోతుంది, 70 దాటినవాళ్లలో ఇలాంటి గుంపులు మామూలే, చాలామందికి దానివల్ల క్యాన్సరేమీ రాదు.

దానానికి ముందు నాకు ఇచ్చిన జీ-సీఎస్‌ఎఫ్ అనే మందు ఇంజెక్షన్లు మూలుగలోని ఆ పట్టునే సడలించి, మూలకణాల్ని రక్తంలోకి వచ్చేలా చేస్తాయి. నాలుగు రోజులు నడుము, తుంటి ఎముకలు లోపల్నుంచి పొడిచినట్టు నొప్పి, జ్వరం లేదు కానీ ఒళ్లంతా జ్వరంలా ఉండేది. ఐదోరోజు రక్తంలోంచి మూలకణాల్ని వేరుచేసే మెషీన్ పక్కన గంటలకొద్దీ పడుకోబెట్టారు. రక్తం గడ్డకట్టకుండా కలిపే మందు కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, దాంతో పెదాల చుట్టూ ఒకటే తిమ్మిరి (ముందే చెప్పి ఉంటే అంత భయపడేవాణ్ణి కాదు). మన దగ్గర్నుంచి తీసేది కొంత భాగమే, మిగిలినవి భర్తీ చేసుకుంటాయి. నెల తర్వాత చేయించిన రక్తపరీక్షలో నా కౌంట్లన్నీ మామూలే.

అసలు టెన్షన్ అక్క వైపు. ఆ కణాల్ని ఎముకలోకి ఎక్కించరు, మామూలుగా సెలైన్ పెట్టినట్టు నరంలోకి ఎక్కిస్తారు, అవే వెతుక్కుంటూ మూలుగకి చేరతాయి. చేరాక రెండు పనులు పడతాయి, తమ సంఖ్య పెంచుకోవాలి, రక్తమూ తయారు చెయ్యాలి. అందుకే దాదాపు రెండు వారాలు అక్కకి న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు) సున్నా దగ్గరే ఉండేవి, 500 దాటిన రోజు నర్సమ్మే పరిగెత్తుకొచ్చి చెప్పింది.

ఎర్రకణం బతికేది 120 రోజులే. ఆ రోజు నా ఒంట్లోంచి వెళ్లిన ఎర్రకణాలు ఎప్పుడో పోయాయి. అయినా బీ పాజిటివ్ అయిన మా అక్కకి ఇప్పుడు పరీక్ష చేస్తే నా గ్రూపే, ఓ పాజిటివ్ అని వస్తోంది.