అరగంట దూరానికి గంటా పది నిమిషాలా?

ప్రశ్న: మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారిని రాజమండ్రి నుంచి కూకట్‌పల్లిలో మా ఆడపడుచు ఇంటికి తీసుకెళ్ళాలి. విమానం టికెట్ మీద ప్రయాణం గంటా పది నిమిషాలని ఉంది. పదో తరగతి చదివే మావాడేమో ‘దూరం 360 కిలోమీటర్లే, విమానం గంటకు 800 పోతుంది, అరగంట కూడా పట్టదు’ అంటున్నాడు. ఏది నిజం? రైలే నయమంటారా?
- ఒక పాఠకురాలు, కడియం

జవాబు: మీవాడి భాగహారం సరిగ్గానే ఉందమ్మా. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి శంషాబాద్‌కు సూటిగా గీత గీస్తే 360 కిలోమీటర్లే. నేను విమానాశ్రయం కంట్రోల్ టవర్‌లో పనిచేసిన రోజుల్లో అయితే 195 నాటికల్ మైళ్ళు అనేవాళ్ళం. కానీ టికెట్ మీద వేసేది గాల్లో ఉండే సమయం ఒక్కటే కాదు. ఇక్కడ విమానం నిలిచిన చోటు నుంచి కదిలిన నిమిషం మొదలు, అక్కడ ఆగే వరకూ అంతా లెక్కే. విమానం నేల మీద రన్‌వే దాకా వెళ్ళడం, ముందున్న విమానం కోసం ఆగడం, దిగాక మళ్ళీ నిలిచే చోటుకి వెళ్ళడం, అన్నీ అందులోవే.

పైగా 800 అనేది జెట్ వేగం. ఈ దారిలో తిరిగే ఏటీఆర్ అనే చిన్న విమానానికి రెక్కల మీద పంకాలుంటాయి, గంటకు 500 దాటితే గొప్ప. మధురపూడి రన్‌వేని 3,165 మీటర్లకు పొడిగించాక జెట్‌లూ దిగుతున్నాయి. అయినా ఇంత చిన్న దూరంలో జెట్ పూర్తి వేగం అందుకునేసరికి దిగే వేళవుతుంది. టికెట్ మీద మిగిలేది కొద్ది నిమిషాలే.

ఇంకో సంగతి మీవాడికి చెప్పండి, సరదాపడతాడు. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి. విమానం గాలికి ఎదురుగా దిగాలి. వానాకాలంలో పడమటి గాలి వీస్తుంది కాబట్టి మన వైపు నుంచి వెళ్ళే విమానం వచ్చిన దారినే తిన్నగా దిగిపోతుంది. చలికాలంలో తూర్పుగాలి ఉంటే విమానాశ్రయం దాటి ముందుకెళ్ళి, వెనక్కి తిరిగి వచ్చి దిగాలి. అదే దూరానికి ఇంకొన్ని నిమిషాలు!

ఇక మీ అసలు ప్రశ్న. కడియం నుంచి మధురపూడికి ముప్పావు గంట, అక్కడ ముందుగా చేరడానికి రెండు గంటలు, శంషాబాద్‌లో సామాను తీసుకుని కూకట్‌పల్లి చేరేసరికి మరో గంటన్నర. టికెట్ మీది గంటా పది నిమిషాలూ కలిపితే మొత్తం అయిదు గంటల పైమాటే. మీరొక్కరే అయితే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కమనేవాణ్ణి. రాత్రి పడుకుంటే పొద్దున్నే లింగంపల్లి, కూకట్‌పల్లికి దగ్గర.

అత్తగారితో మాత్రం విమానమే మేలు. ప్లాట్‌ఫాం వంతెన ఎక్కి దిగడం ఆ మోకాళ్ళకు కష్టం. టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ కావాలని రాయించండి, అక్కడికెళ్ళాక అడుగుదాంలే అనుకోవద్దు. ఏటీఆర్ అయితే వెనక తలుపు నుంచి ఎక్కిస్తారు, కాబట్టి వెనక వరుసల్లో సీటు తీసుకుంటే లోపల నడక తగ్గుతుంది. మెట్లు ఎక్కలేరని కూడా ముందే చెప్పండి. వీల్‌చైర్ అనగానే మెట్ల దగ్గర దింపేస్తే సరిపోతుందనుకునేవాళ్ళూ ఉంటారు.