కారిపోయిన ఆయిల్ పెయింట్ మీద ఇంకో కోటు వేయొచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర. సిరిమానోత్సవానికి చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారు. అందుకని హాల్లో పిల్లల చేతిమరకలు పడే నాలుగడుగుల ఎత్తు వరకూ మా మరిది సొంతంగా ఆయిల్ పెయింట్ వేశాడు. పది రోజులైంది. గోడంతా చారలుగా కారింది, బ్రష్ వెంట్రుకలు అతుక్కుపోయాయి. కిటికీ కింద ఇంకా జిగురుగానే ఉంది. అక్కడ పెచ్చులూడితే కొత్తగా సిమెంటు చేయించి నెల కూడా కాలేదు. ఇంకో కోటు వేస్తే అన్నీ కప్పబడిపోతాయంటాడు. నిజమేనా? పండక్కి మూడు వారాలే ఉంది.

జవాబు: కప్పబడవమ్మా, ఇంకా బాగా కనిపిస్తాయి. ఎనామెల్, అంటే మీరు వేసిన ఆయిల్ పెయింట్, మెరుపుకి గోడమీద చిన్న గీత ఉన్నా దాక్కోదు. మీ మరిదిని మరీ తిట్టకండి, మొదటిసారి నేను వేసిన తలుపూ ఇలాగే కారింది.

మీ గోడకి జబ్బులు రెండు. కారిన చోట పెయింట్ మందంగా పడింది, పైన తొక్క కట్టినా లోపల పచ్చిగానే ఉంటుంది. గోటితో నొక్కి చూడండి, గుంట పడితే ఆ బొట్టుని బ్లేడుతో కోసి నాలుగైదు రోజులు ఆరనివ్వండి. గట్టిపడ్డాక 220 నంబరు వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) తడిపి రుద్ది, ఇంకా సన్నటి 320తో నునుపు చేసి, తుడిచి ఆరబెట్టి, గుంటల్లో లప్పం పెట్టి, అదీ ఆరాక రుద్ది, ఆ మచ్చలకి ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) వేశాక అప్పుడు పల్చటి కోటు. పెయింట్‌ని పల్చటి గుడ్డలో వడగట్టండి, కిరోసిన్ కలపొద్దు, డబ్బా మీద రాసినంతే టర్పెంటైన్. వాన ముసురు పట్టిన రోజు అసలు మొదలుపెట్టొద్దు. ఇంకో కోటు కావాలంటే ఒక రోజు ఆగండి.

మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం (లెడ్ అనే విషపు లోహం) 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, దాటకూడదన్న నియమం 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగు అడుగున ఉంటే పొడిగా రుద్దకండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. పెయింట్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వేడెక్కి అంటుకోవచ్చు. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరేయండి.

ఇక కిటికీ కింద సంగతి వేరు. పచ్చి సిమెంటులో సున్నం గుణం ఉంటుంది, తేమతో కలిసి అది పెయింట్‌లోని నూనెని సబ్బులా మార్చేస్తుంది, అందుకే జిగురు. ఎన్నాళ్లు ఆగినా ఆరదు, పైన ఎన్ని కోట్లు వేసినా ఆగదు. అక్కడి పెయింట్ మొత్తం గీకించి గోడని ఊపిరి పీల్చుకోనివ్వండి. కొన్నాళ్లాగి ప్లాస్టిక్ కవరు ముక్కని చుట్టూ టేపుతో అతికించి ఒక రోజు తర్వాత తీసి చూడండి, వెనక చెమ్మ పడితే ఇంకా టైం పడుతుంది. చెమ్మ లేకపోతే సిమెంటు సున్నాన్ని తట్టుకునే ప్రైమర్ అడిగి వేయించండి.

ఈ కిటికీ కింద పని పండగలోపు అయ్యేది కాదు. చుట్టాలొచ్చేసరికి ఆ ముక్కకి అడ్డంగా మంచం వేసేయండి, గోడకి జానెడు దూరంగా.