ఎలుగుబంటి ముక్కుతో కథ చెప్పాలి

తమ్ముడూ,

గుణుపురం నుంచి నువ్వు పంపిన యానిమేషన్ సినిమా స్క్రిప్టు అందింది. మెచ్చుకోలు ముందు రాస్తే మిగతాది సగం మనసుతో చదువుతావు. అందుకే నేరుగా పనిలోకి దిగుతున్నాను.

తండ్రిని గాయపరిచిన ఎలుగు మీద పగబట్టిన చిన్నోడు, వాణ్ణి ఆపబోయిన అన్న, కొండదేవత శాపంతో చిన్నోడే ఎలుగై పోవడం. కట్టుబడి బాగుంది. 2003లో డిస్నీ తీసిన ‘బ్రదర్ బేర్’తో దీన్ని పోల్చేవాళ్ళుంటారు. పోల్చనీ. వాళ్ళకన్నా ముందు నువ్వే ఆ సినిమాను విప్పి చూసుకో. అందులో మొదట హీరో మనిషిగా ఉన్నంతసేపూ తెర వెడల్పు, ఎత్తు 1.75:1 నిష్పత్తిలో ఉంటాయి. దాదాపు 24 నిమిషాలకు అతను ఎలుగుగా కళ్ళు తెరుస్తాడు. అక్కడి నుంచి 2.35:1కి తెర వెడల్పవుతుంది, రంగులు చిక్కబడతాయి. హాల్లో పిల్లలకు ఈ లెక్కలు తెలియవు, లోకం పెద్దదైందని మాత్రం తెలిసిపోతుంది. కెమెరా వాళ్ళు చూసుకుంటారులే అని వదిలేసే సంగతి కాదిది. కథ ఎవరి ఒంట్లోంచి నడుస్తోందో తేల్చేది రాసేవాడే. ఎలుగైపోయిన తమ్ముడు మొత్తుకుంటున్నా అన్నకు గుర్రుమనడమే వినబడటం కూడా అక్కడ గమనించు. నీ 40వ పేజీలో ఎలుగు, అన్న ఎదురెదురుగా కూర్చుని తెలుగులో తీరిగ్గా మాట్లాడుకుంటున్నారు. అంత సులువుగా అర్థమైపోతే శాపమెందుకు, సినిమా ఎందుకు?

ఇక నీ ఎలుగు సంగతి. వంశధారలోకి దూకి చేపలు పడుతోంది, చలికాలమంతా గుహలో నిద్రపోతోంది. అది పరాయి దేశపు ఎలుగు. మహేంద్రగిరి చుట్టుపక్కల తిరిగేది మన నల్ల ఎలుగు. దానికి చలికాలం నిద్ర లేదు. చెదపురుగులు, చీమలు, తేనె, పళ్ళు, వేసవి మొదట్లో ఇప్పపువ్వు దాని తిండి. పై దవడలో మధ్య పళ్ళు రెండూ ఉండవు. గోళ్ళతో పుట్టను చీల్చి, మూతిని గొట్టంలా చాచి, ముందు మట్టిని ఊదేసి తర్వాత పురుగుల్ని బుస్సున పీలుస్తుంది. ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. సౌండ్ వాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి? పిల్లల్ని తల్లి వీపు మీద మోస్తుంది. చూపు, వినికిడి అంతంతమాత్రం, ముక్కు మాత్రం మహా చురుకు.

నీ సినిమా అంతా ఈ ముక్కు మీద నిలబడాలి. చిన్నోడు ఎలుగయ్యాక దూరంలో ఉన్నవన్నీ మసకబారిపోవాలి. వాసనలు రంగు దారాల్లా గాలిలో సాగాలి. ఒక్కో వాసనకు ఒక్క రంగు కట్టు, చివరిదాకా మార్చకు. ఇప్పపువ్వు పసుపు, పొగ బూడిద, అన్న తలకు రాసుకునే ఆముదం ఊదా. అయితే ఆ ఆముదాన్ని మొదటి పది నిమిషాల్లోనే నాటాలి. అన్న తమ్ముడి తలంటుతుండగా వాడు విదిలించుకునే చిన్న సీను, అరపేజీ చాలు, అందులో వాసన మాటే ఎత్తకు. గంట గడిచాక అడవిలో ఊదా దారం కనబడితే వెనక వరసలో కూర్చున్న పిల్ల కూడా గుర్తుపడుతుంది.

అన్నకు ఆ ముక్కు లేదు. కళ్ళతోనే గుర్తుపట్టాలి. భయమేస్తే చిన్నోడు ఎడమ చెవి పట్టుకుంటాడని నువ్వు రాసిన అలవాటు ఉందే, దాన్ని వాడు. ఎలుగు వాసన పట్టడానికి రెండు కాళ్ళ మీద లేస్తుంది, చెవి వైపు పంజా ఎత్తుతుంది. చూసేవాడికి అది మీదపడబోతున్నట్టే ఉంటుంది. అన్న గొడ్డలి ఎత్తుతాడు. తప్పు ఇద్దరిలో ఎవరిదీ కాదు. ఇలాంటి సీను నీ స్క్రిప్టులో ఒక్కటైనా లేదు, ఉన్నవన్నీ ఉపన్యాసాలు.

తండ్రి గాయపడిన సీను రెండుసార్లు రావాలి. మన వైపు తెల్లవారకముందే బుట్టలు పట్టుకుని ఇప్పపువ్వు ఏరడానికి పోతారు. రాలిన పువ్వు కనబడాలని చెట్టుకింద ఎండుటాకుకు ముందే నిప్పు పెడతారు. అదే చెట్టుకు అదే వేళకు ఎలుగూ వస్తుంది. మొదటిసారి తండ్రి వైపు నుంచి చూపించు: వంగి ఏరుకుంటుంటే చీకట్లోంచి నల్లటిదేదో మీదపడుతుంది. రెండోసారి ఎలుగు వైపు నుంచి: వీపు మీద రెండు పిల్లలు, తల కిందికి పెట్టి మేస్తోంది. పసుపు, పసుపు, పసుపు, ఉన్నట్టుండి పక్కనే మనిషి వాసన. తప్పుకునే జాగా లేదు. చప్పుళ్ళ వరస, సీను నిడివి రెండుసార్లూ ఒకేలా ఉండాలి. మాటలు వద్దు.

నల్లకోటు వేటగాణ్ణి స్క్రిప్టులోంచి కొట్టెయ్. వాడున్నంతసేపూ పిల్లలు వాణ్ణి తిట్టుకుంటూ హాయిగా కూర్చుంటారు, చిన్నోడి తప్పు ఎవరికీ గుచ్చుకోదు. పగతో చిన్నోడు పెట్టిన ఆకునిప్పు కొండమీదికి పాకి ఒక ఎలుగుపిల్ల తల్లిని పొట్టన పెట్టుకుంది. ఆ పిల్లే వాడి వెంట పడి తిరుగుతోంది. వాడు నోరు విప్పి దానికి చెప్పి తీరాలి. ‘బ్రదర్ బేర్’లో ఈ ఒప్పుకోలు చాలావరకు పాట కిందకి పోతుంది, మాటలు వినబడవు. నా లెక్కన అది తప్పించుకోవడమే. నువ్వు వినిపించు. కానీ “నేను క్షమించరాని అపరాధం చేశాను” అని కాదు. “ఆ నిప్పెట్టింది నానే.” అక్కడితో ఆపు. ఎలుగుపిల్ల వెంటనే క్షమించకూడదు, లేచి వెళ్ళిపోవాలి. కనీసం పది నిమిషాలు తెర మీద కనబడకూడదు.

భాష గురించి మళ్ళీ చెప్పించుకోకు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి ఉన్నది మన పర్లాకిమిడిలోనే. ఆయనే సవర నేర్చుకుని 1931లో ఆ భాషకు వ్యాకరణం అచ్చువేయించారు. నీ అన్నదమ్ములు మాత్రం పాఠ్యపుస్తకంలా మాట్లాడుతున్నారు, నీ సవర తాత వచ్చీరాని తెలుగులో మంత్రాలు చదువుతున్నాడు. ఆయనకు ఆయన భాష ఇవ్వు, తెలిసినవాళ్ళ చేత రాయించు. ఫారెస్టు గార్డు ఒడియాలో మాట్లాడితే నీ ప్రేక్షకులకు ఇబ్బందేమీ లేదు.

కాస్త ఖర్చు కూడా తెలుసుకో. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు నిలిపినా ఒక పాత్రకు నిమిషానికి 720 బొమ్మలు. నల్ల ఎలుగుది పొడవాటి చింపిరి బొచ్చు, వీపు మీద పిల్ల ఉంటే రెండు ఒళ్ళూ కలిపి కదపాలి, వానలో తడిసిందంటే యానిమేటర్లు నిన్ను తిట్టుకుంటారు. నాలుగు వాన సీన్లలో నిప్పు ఆరేది ఒక్కటే ఉంచు. స్క్రిప్టులో పేజీ అంటే తెర మీద నిమిషమనే లెక్క మాటలున్న సీనుకే సరి. “ఎలుగు పుట్ట తవ్వింది” అన్న ఒక్క వరస తెర మీద నలభై సెకన్లు తినొచ్చు. మార్పులన్నీ యానిమేటిక్ దశలోనే, గీతల బొమ్మలకు ఎవరివో తాత్కాలిక గొంతులు పెట్టి చూసుకున్నప్పుడే చెయ్యాలి. అసలు గొంతులు రికార్డయ్యాక వాటి ప్రకారమే నోళ్ళు కదుపుతారు. అప్పుడు ఒక మాట మార్చాలన్నా డబ్బు.

మొత్తం తిరగరాయకు. ముందు ఆ ఇప్పచెట్టు సీను రెండు వైపులా, మూడు పేజీలకు మించకుండా రాసి పంపు. పంపేముందు డైలాగులన్నీ వేలితో మూసి చదువు. ఎవరు ఎవర్ని చూసి భయపడ్డారో తెలియకపోతే పంపకు.

ఆశీస్సులతో,
నీ అన్న,
పర్లాకిమిడి