ఊపిరితిత్తుల పనితీరుపై పరిశోధన చేసేవారి కెరీర్ ఎలా ఉంటుంది?

మీ చెల్లాయి కాకినాడ రంగరాయలో ఎంబీబీఎస్ చదువుతూ, పల్మనాలజీ వద్దు, ఊపిరి ఎలా నడుస్తుందో పరిశోధిస్తానంటోందని అడిగారు. రెండూ వేరండి. పల్మనాలజిస్టు రోగానికి మందిస్తాడు, ఫిజియాలజిస్టు ఆ ఊపిరి నడిచే తీరును తవ్వుతాడు.

నీట్ పీజీ రాసి మూడేళ్ల ఎండీ ఫిజియాలజీ, ఆపై అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం, వీలైతే పీహెచ్‌డీ. ప్రైవేటు ప్రాక్టీసు డబ్బు మాత్రం ఆశించొద్దు. ఇంట్లో ముందే చెప్పేయండి, పెళ్లి సంబంధాల దగ్గర తేలే మాట అది!

మన దేశంలో ఈ రంగానికి పెద్ద పేరు అవతార్ సింగ్ పెయింటల్. లక్నోలో వైద్యం చదివి, ఎడిన్‌బరోలో పీహెచ్‌డీ చేశారు. ఊపిరితిత్తుల్లోని కేశనాళికల (సన్నటి రక్తనాళాల) పక్కనుండే జె రిసెప్టర్లనే నరాల కొసలను కనిపెట్టింది ఆయనే. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఈ నరాల కొసలు మేలుకుంటాయి, మనిషి పైపైన గబగబా ఊపిరి తీస్తాడు. ఆయన ఢిల్లీ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరుగా, తర్వాత ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధిపతిగా చేశారు. 1981లో బ్రిటన్ సైన్సు అకాడమీ అయిన రాయల్ సొసైటీకి ఫెలో అయ్యారు.

పరిశోధనకు ఢిల్లీయే వెళ్లక్కర్లేదు. రైసు మిల్లుల్లో ఊక దుమ్ము, కోనసీమలో కొబ్బరి పీచు దుమ్ము పీల్చేవాళ్లు మన పక్కనే ఉన్నారు. ఊపిరి గాలిని కొలిచే స్పైరోమీటరులో గట్టిగా ఊదిస్తే, మొత్తం గాలిలో మొదటి సెకనులో వచ్చేది 70 శాతం లోపుంటే గాలి గొట్టాలు ఇరుకయ్యాయని అనుమానించాలి. ఎథిక్స్ కమిటీ అనుమతితో ఇది ఎంబీబీఎస్‌లోనే మొదలెట్టొచ్చు. ఐసీఎంఆర్ రెండు నెలల స్టూడెంట్‌షిప్ ఉన్నది అందుకే.